ల్యాండ్‌లైన్‌ని ఫైబర్‌కి మార్చారా? కరెంటు పోతే ఆ ఫోన్ మోగుతుందో లేదో ఈ రోజే చూసుకోండి

పోయిన మే నెలలో ఒక గాలివాన సాయంత్రం. మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండే మా అమ్మకి రోజూలాగే ఏడున్నరకి ఫోన్ చేశాను. నంబరు అందుబాటులో లేదని వచ్చింది. పావుగంట ఆగి మళ్ళీ చేశాను, అదే మాట. అమ్మకి ఒక చిన్న మొబైల్ కూడా ఉంది కానీ అది బీరువాలో ఉంటుంది, ఛార్జింగ్ పెట్టడం ఎప్పుడో గుర్తొస్తే. పక్కింటి వాళ్ళ మొబైల్ కూడా కలవలేదు. మియాపూర్ నుంచి బండి తీశాను. ఆ వానలో మౌలాలి కమాన్ దాటేసరికి తొమ్మిదిన్నర అయింది. కాలనీ మొత్తం చీకటి.

అమ్మ హాల్లో ఫోన్ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. ఏడు గంటలకి కరెంటు పోయిందట, చీకట్లో బాత్‌రూమ్ గడప దగ్గర జారిందట. కాలు మడమ దగ్గర బాగా వాచింది. ముందు బెడ్‌రూమ్‌లో ఉన్న ఫోన్ ఎత్తితే టోన్ లేదు. గోడ పట్టుకుని హాల్లోకి వచ్చి ఇక్కడి ఫోన్ ఎత్తితే దీంట్లోనూ టోన్ లేదు. "వాన కదరా, లైన్ పోయుంటుందిలే, వస్తుందిలే అని ఇక్కడే కూర్చున్నా" అంది. రెండున్నర గంటలు అలాగే కూర్చుంది.

లైన్ పోలేదు. లైన్‌కి ఏమీ కాలేదు. పోయింది కరెంటు మాత్రమే. అంతకు నాలుగు నెలల ముందే ఆ ఇంటి ల్యాండ్‌లైన్‌ని రాగి తీగ నుంచి ఫైబర్‌కి మార్చారు. మార్చడానికి వచ్చిన కుర్రాడు "నంబరు అదే, ఫోన్ అదే, మీకేం మారదు ఆంటీ" అని చెప్పి వెళ్ళాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఏ కంపెనీ ఫైబర్ అయినా ఇదే జరిగేది. ఇంకా చెప్పాలంటే తప్పులో సగం నాది. గ్యాడ్జెట్ల గురించి రాయడమే నా పని. రూటర్ స్పీడ్ ఎంత వస్తుందో పది సార్లు టెస్ట్ చేశాను, కరెంటు తీసేసి ఫోన్ ఎత్తి చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు.

అమ్మకి ఎముక విరగలేదు, మూడు వారాల్లో తగ్గిపోయింది. కానీ ఆ తర్వాత ఆ ఇంటి ఫోన్ గురించి నేను కూర్చుని నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ అమ్మానాన్నలో, అత్తమామలో ల్యాండ్‌లైన్ మీద ఆధారపడి ఉంటే పూర్తిగా చదవండి.

అసలు మారింది ఏంటి?

పాత ల్యాండ్‌లైన్‌లో మన ఇంటికి వచ్చేది రెండు సన్నని రాగి తీగలు. ఆ తీగల మీద మాట ఒక్కటే కాదు, కరెంటు కూడా వచ్చేది. ఎక్స్ఛేంజీలో పెద్ద బ్యాటరీలు ఉంటాయి, వాటి నుంచి సుమారు 48 వోల్టుల డీసీ ఎప్పుడూ లైన్ మీద ఉండేది. ఫోన్ ఎత్తగానే వినిపించే ఆ "కుర్ర్" టోన్ ఆ కరెంటుతోనే. బెల్ మోగడానికి ఎక్స్ఛేంజీ వేరేగా 75 వోల్టుల పైచిలుకు ఏసీ పంపేది. అందుకే మన ఇంట్లో ఫ్యూజు పోయినా, కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ పేలినా ఫోన్ పనిచేసేది. ఎక్స్ఛేంజీలో కరెంటు పోతే అక్కడ బ్యాటరీ, బ్యాటరీ అయిపోతే జనరేటర్. అదంతా కంపెనీ చూసుకునే పని. మనకి తెలియను కూడా తెలియదు.

ఫైబర్ అంటే వెంట్రుక అంత సన్నని గాజు పోగు. దాంట్లో వెళ్ళేది కాంతి మాత్రమే. గాజులో కరెంటు పారదు, కాబట్టి మీ ఫోన్‌కి కావలసిన కరెంటు అక్కడి నుంచి వచ్చే అవకాశమే లేదు. ఆ కాంతిని మళ్ళీ మాటగా మార్చడానికి ఇంట్లో ఒక బాక్స్ పెడతారు. దాని అసలు పేరు ఓఎన్‌టీ, మనందరం మోడెం అనో రూటర్ అనో పిలుస్తాం. ఆ బాక్స్‌కి కరెంటు మన గోడ ప్లగ్గు నుంచే వస్తుంది. ఇప్పుడు డయల్ టోన్ తయారయ్యేది ఆ బాక్స్‌లోనే, బెల్ కరెంటు తయారయ్యేదీ ఆ బాక్స్‌లోనే.

ఒక్క మాటలో చెప్పాలంటే, ఎక్స్ఛేంజీలో చివరి ముక్క ఒకటి మన ఇంట్లోకి వచ్చింది. దాంతో పాటు దాన్ని చూసుకునే పని కూడా మనకే వచ్చింది. ఆ రెండో విషయం ఎవరూ చెప్పరు. కింద రాసిన ప్రాబ్లమ్స్‌లో ఎక్కువ భాగం అక్కడి నుంచి పుట్టినవే.

అలాగని రాగి తీగే బాగుందని నేను అనడం లేదు. మౌలాలిలో పాత లైన్ ఎలా ఉండేదో మాకు తెలుసు. వాన పడితే లైన్‌లో చెర్రుమని శబ్దం, రోడ్డు తవ్వితే వారం రోజులు డెడ్, కేబుల్ దొంగతనాలు వేరే. రాగి మీద బ్రాడ్‌బ్యాండ్ కూడా ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్‌లో కాగితం మీద 24 ఎంబీపీఎస్, అదీ ఎక్స్ఛేంజీ పక్కనే ఉంటే. ఫైబర్‌కి తడి, తుప్పు అంటవు, మాట కూడా స్పష్టంగా ఉంటుంది. మారడం తప్పు కాదు. ఏం మారిందో తెలియకుండా మారడమే తప్పు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు

బ్రిటన్‌లో పాత ఫోన్ నెట్‌వర్క్‌ని పూర్తిగా ఆపేసే పని చాలా ఏళ్ళుగా నడుస్తోంది. అక్కడ ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు మెడలో ఒక బటన్ వేసుకుంటారు, పడిపోతే నొక్కితే ఫోన్ లైన్ మీద సహాయ కేంద్రానికి కాల్ వెళ్తుంది. లైన్ మారాక కొందరి ఇళ్ళలో ఆ అలారాలు పనిచేయలేదు. దాంతో 2023 డిసెంబర్‌లో కంపెనీలు కస్టమర్ అడగకుండా మార్చడాన్ని కొంతకాలం ఆపాయి. 2025 చివరికి అనుకున్న గడువుని 2027 జనవరికి జరిపారు. ల్యాండ్‌లైన్ తప్ప వేరే దారి లేని వాళ్ళకి, కరెంటు పోయినా కనీసం ఒక గంట సేపు ఎమర్జెన్సీ కాల్ చేసుకునే ఏర్పాటు ఉండాలని అక్కడి రెగ్యులేటర్ ఆఫ్‌కామ్ చెబుతోంది. అమెరికాలో 2015లోనే ఎఫ్‌సీసీ, 8 గంటల బ్యాకప్ బ్యాటరీని కొనుక్కునే అవకాశం కస్టమర్‌కి ఇవ్వాలని రూల్ పెట్టింది.

ఇక్కడ నేను చూసిన ఇళ్ళలో మాత్రం బాక్స్‌తో పాటు ఒక అడాప్టర్ ఇచ్చి వెళ్ళిపోతారు. బ్యాకప్ అనే మాటే రాదు. కాబట్టి ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి.

ప్రాబ్లమ్ 1: కరెంటు పోతే ఫోన్ డెడ్

దీనికి మూడు దారులు ఉన్నాయి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, బాక్స్ పెట్టిన ప్లగ్ పాయింట్ ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో చూడండి. చాలా ఇళ్ళలో ఫ్యాన్లు, లైట్లు మాత్రమే దాని మీద ఉంటాయి, టీవీ దగ్గరి ప్లగ్గు ఉండదు. ఇంకో విషయం, ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే దాన్ని ఆన్ చేయండి. లేకపోతే కరెంటు పోయిన క్షణంలో బాక్స్ ఆగి మళ్ళీ మొదలవుతుంది, ఫోన్ టోన్ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

ఇన్వర్టర్ లేకపోతే రూటర్ల కోసం అమ్మే చిన్న డీసీ యూపీఎస్ తీసుకోండి. వెయ్యి నుంచి రెండు వేల రూపాయల మధ్య దొరుకుతుంది. కొనేముందు మీ బాక్స్ అడాప్టర్ మీద రాసింది చదవండి. ఎక్కువగా 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటుంది, కొన్నిటికి 1.5 లేదా 2 ఆంపియర్లు. వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. పిన్ సైజు కూడా సరిపోవాలి.

ఇక్కడ చాలామంది మోసపోయేది ఎంఏహెచ్ దగ్గర. 8800 ఎంఏహెచ్ అని డబ్బా మీద పెద్దగా రాస్తారు. ఆ లెక్క లోపలి లిథియం సెల్ వోల్టేజీ 3.7 దగ్గరది, 12 వోల్టుల దగ్గరది కాదు. లెక్క ఇలా వేయండి. 8800 ఎంఏహెచ్ అంటే 8.8 ఆంపియర్ అవర్లు. దాన్ని 3.7తో గుణిస్తే సుమారు 32 వాట్ అవర్లు. 12 వోల్టులకి పెంచడంలో కొంత పోతుంది, 27 మిగులుతుంది అనుకోండి. బాక్స్ 8 వాట్లు తింటే మూడు గంటల ఇరవై నిమిషాలు. అదే ఫైబర్ బాక్స్ వేరు, వైఫై రూటర్ వేరుగా ఉండి రెండూ దీని మీదే పెడితే అందులో సగం. ఫోన్ కోసమే అయితే ఫైబర్ బాక్స్‌ని ఒక్కదాన్నే పెట్టండి, టైమ్ ఎక్కువ వస్తుంది.

మూడో దారి, మొబైల్‌ని కూడా సిద్ధంగా ఉంచడం. బ్యాటరీ ఎంత పెట్టినా ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది, ఫైబర్ కూడా తెగుతుంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇంకొకటి మర్చిపోకండి. మీది కార్డ్‌లెస్ ఫోన్ అయితే దాని బేస్‌కి కూడా కరెంటు కావాలి. బాక్స్‌కి బ్యాకప్ పెట్టి, కార్డ్‌లెస్ బేస్‌ని మామూలు ప్లగ్గుకి పెడితే లాభం లేదు. తీగ ఉన్న పాత ఫోన్ ఒకటి ఉంచండి. మా ఇంట్లో ఉన్న బీటెల్ ఫోన్ ధర చాలా తక్కువ, దానికి వేరే కరెంటు అక్కర్లేదు.

ప్రాబ్లమ్ 2: ఒక గదిలో ఫోన్ పనిచేస్తుంది, మిగతా గదుల్లో డెడ్

మా నాన్న రైల్వేలో చేసేవారు. మౌలాలిలో లోకో షెడ్డు, రైల్వే ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండటంతో ఈ చుట్టుపక్కల రైల్వే రిటైర్డ్ కుటుంబాలు చాలా ఉన్నాయి. నాన్న తన చేత్తోనే హాల్లో ఉన్న రోజెట్ బాక్స్ నుంచి బెడ్‌రూమ్‌కి వైరు లాగి ప్యారలల్ ఫోన్ పెట్టారు. ఫైబర్ పెట్టినప్పుడు బాక్స్‌ని హాల్లో టీవీ పక్కన పెట్టి, హాల్ ఫోన్‌ని దాని వెనక గుచ్చి వెళ్ళిపోయారు. బెడ్‌రూమ్ ఫోన్ ఆ రోజు నుంచే డెడ్. నాలుగు నెలలు ఎవరూ గమనించలేదు. అమ్మ పడింది ఆ ఫోన్‌కి నాలుగు అడుగుల దూరంలో.

దీన్ని సరిచేయడం తేలికే. బాక్స్ వెనక ఫోన్ జాక్ నుంచి ఒక తీగ తీసి ఇంట్లో ఉన్న పాత వైరింగ్‌కి కలిపితే అన్ని గదుల ఫోన్లకీ టోన్ వెళ్తుంది. కానీ ఒక్క జాగ్రత్త. దానికి ముందు బయటి నుంచి వచ్చే పాత రాగి లైన్‌ని రోజెట్ దగ్గర పూర్తిగా విడదీయాలి. ఆ పాత జత మీద ఎక్స్ఛేంజీ 48 వోల్టులు ఇంకా ఉంటే, రెండూ కలిసి బాక్స్‌లోని ఫోన్ పోర్టు కాలిపోవచ్చు. ఫైబర్ మార్చిన టెక్నీషియన్‌తోనే చేయించండి, రాగి లైన్ విడదీశారని కళ్ళారా చూడండి.

ఇంకా, బాక్స్ ఇచ్చే బెల్ కరెంటు ఎక్స్ఛేంజీ ఇచ్చినంత బలంగా ఉండదు. రెండు మూడు ఎలక్ట్రానిక్ ఫోన్లయితే ఇబ్బంది లేదు. పాత ఇనుప గంటల ఫోన్లు నాలుగు పెడితే ఒక్కటీ సరిగ్గా మోగకపోవచ్చు. బెల్ నీరసంగా ఉంటే ఒక్కో ఫోన్ తీసేసి చూడండి.

ప్రాబ్లమ్ 3: టోన్ వస్తుంది, నంబరు పోదు

పాత ఫోన్ల కింద కానీ పక్కన కానీ ఒక చిన్న స్విచ్ ఉంటుంది, దాని మీద టీ, పీ అని ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. టీ అంటే టోన్, పీ అంటే పల్స్. పాత ఎక్స్ఛేంజీలు రెండూ అర్థం చేసుకునేవి. చాలా ఫైబర్ బాక్సులకి పల్స్ అర్థం కాదు. స్విచ్‌ని టీ వైపు జరిపితే సరిపోతుంది. వేలు పెట్టి తిప్పే గుండ్రటి డయల్ ఫోన్ అయితే కాల్ వస్తే మాట్లాడొచ్చు, బయటికి చేయడం కుదరకపోవచ్చు.

నంబరు నొక్కాక నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం వచ్చిందని ఫోన్ పెట్టేయకండి. నంబరు పూర్తయిందా, ఇంకా అంకెలు ఉన్నాయా అని బాక్స్ ఎదురుచూస్తుంది. చివర్లో హాష్ గుర్తు నొక్కితే చాలా బాక్సుల్లో వెంటనే కలుస్తుంది. పెద్దవాళ్ళకి ఇది ముందే చెప్పాలి, లేకపోతే "ఫోన్ పాడైంది" అనుకుంటారు.

ఇంకో మాట. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేసినా ముందు సున్నా కొట్టాలి. ఇది రాగికీ, ఫైబర్‌కీ ఒకటే రూల్. ఫోన్‌లో స్పీడ్ డయల్ పాతకాలంలో సేవ్ చేసి ఉంటే సున్నా కలిపి మళ్ళీ సేవ్ చేయండి.

ప్రాబ్లమ్ 4: ఇంటర్నెట్ బాగానే ఉంది, ఫోన్ మాత్రం లేదు

ఇది చాలామందిని అయోమయంలో పడేస్తుంది. ఫోన్, నెట్ ఒకే గాజు పోగులో వచ్చినా రెండు వేరు వేరు సర్వీసులు. ఫోన్ పనిచేయాలంటే బాక్స్ ఎప్పటికప్పుడు కంపెనీ వాయిస్ సర్వర్‌కి "నేను ఫలానా నంబరుని, ఇక్కడున్నాను" అని చెప్పుకుంటూ ఉండాలి. దీన్ని రిజిస్ట్రేషన్ అంటారు. అది ఆగితే టోన్ రాదు. లేదా టోన్ వచ్చి కాల్ పోతుంది కానీ బయటి కాల్స్ రావు. మీకు అన్నీ బాగున్నట్టే ఉంటుంది, మీకు ఫోన్ చేసేవాళ్ళకే తెలుస్తుంది.

ముందు బాక్స్ మీద లైట్లు చూడండి. పవర్ లైట్ వెలగాలి. పాన్ అని రాసి ఉన్న లైట్ పచ్చగా నిలకడగా ఉంటే కాంతి బాగా వస్తున్నట్టు. ఎల్‌ఓఎస్ అన్న లైట్ ఎర్రగా వెలిగినా, కొట్టుకుంటున్నా బయటి ఫైబర్‌లో తేడా ఉన్నట్టు, మీరేం చేసినా లాభం లేదు, కంప్లయింట్ ఇవ్వాల్సిందే. ఫోన్ లేదా టెల్ అన్న లైట్ ఒక్కటే ఆరిపోయి ఉంటే రిజిస్ట్రేషన్ పోయినట్టు.

రిజిస్ట్రేషన్ పోతే బాక్స్ స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి. చాలాసార్లు వచ్చేస్తుంది. రాకపోతే కంప్లయింట్ ఇస్తూ "నెట్ వస్తోంది, వాయిస్ రిజిస్టర్ కావడం లేదు" అని ఆ మాటే చెప్పండి. "ఫోన్ పనిచేయట్లేదు" అంటే వాళ్ళు నెట్ చూసి, ఉంది కదా అని కంప్లయింట్ మూసేస్తారు.

బాక్స్ వెనక సూది పట్టేంత రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. దాన్ని మాత్రం నొక్కకండి. వైఫై సరిగ్గా లేదని యూట్యూబ్ చూసి నొక్కేవాళ్ళు ఉన్నారు. వైఫై పాస్‌వర్డ్‌తో పాటు కంపెనీ లోపల వేసిన ఫోన్ సెట్టింగ్స్ కూడా తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది. అవి మన దగ్గర ఉండవు, టెక్నీషియన్ వచ్చే దాకా ఫోన్ ఉండదు.

సొంతంగా బాక్స్ కొనుక్కునేవాళ్ళకి కూడా ఒక మాట. చవకలో దొరికే కొన్ని బాక్సుల్లో ఒక్క లాన్ పోర్టు మాత్రమే ఉంటుంది, ఫోన్ జాక్ అసలు ఉండదు. కొనేముందు వెనక వైపు ఫొటో చూడండి. లాన్ జాక్ కంటే చిన్నగా, పాత ఫోన్ పిన్ పట్టేలా ఒక జాక్ ఉండాలి. ఆర్‌జే11 అని రాసి ఉంటుంది.

చాలామంది ఫోన్ బాగాలేదని నెట్ ప్లాన్ పెంచుకుంటారు. అది దండగ. ఒక ఫోన్ కాల్‌కి అటు ఇటు 100 కేబీపీఎస్ కూడా అవసరం లేదు. 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో రాని మాట 300 ఎంబీపీఎస్‌లో కూడా రాదు.

ప్రాబ్లమ్ 5: మాటిమాటికీ ఎర్ర లైట్

ఫైబర్‌కి తడితో ఇబ్బంది లేదు కానీ మడతతో ఉంది. తలుపు సందులో నలిగినా, మేకు చుట్టూ బిగించి తిప్పినా కాంతి బయటికి పోతుంది. ఎలుకలు, కోతులు సరేసరి. టెక్నీషియన్ వచ్చినప్పుడు "పవర్ ఎంత వస్తోంది?" అని అడగండి. చిన్న మీటర్ పెట్టి మైనస్‌లో ఒక అంకె చెప్తాడు. సాధారణంగా మైనస్ 8 నుంచి మైనస్ 27 వరకు బాక్స్ పనిచేస్తుంది. మైనస్ 26 అని చెప్పి "వస్తోంది కదా సార్" అంటే ఒప్పుకోకండి, అంచు మీద ఉన్నట్టు. ఇంకాస్త దుమ్ము పడితే, ఇంకో మడత పడితే ఆగిపోతుంది. జాయింట్లు మళ్ళీ చేయమనండి. అన్నట్టు, ఊడదీసిన ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆ కాంతి కంటికి కనపడదు, అంతమాత్రాన హాని చేయదని కాదు.

మన నగరంలో ఇంకో తిప్పలు ఉంది. ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. 2025 ఆగస్టులో మౌలాలికి దగ్గర్లోనే ఉన్న రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్ళని తొలగించడం మొదలుపెట్టింది, చాలా కాలనీల్లో నెట్ ఆగిపోయింది, విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. ప్రాణాలు పోయాక స్తంభాలు శుభ్రం చేయడాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ అలాంటి రోజున మన ఇంట్లో బ్యాటరీ నిండుగా ఉన్నా ఫోన్ ఉండదు. మొబైల్ కూడా సిద్ధంగా ఉండాలని నేను అన్నది ఇందుకే.

మారేముందు అడగాల్సిన ప్రశ్నలు

ఇంకా రాగి మీదే ఉన్నవాళ్ళు ఫైబర్‌కి ఒప్పుకునే ముందు ఇవి అడిగి తెలుసుకోండి.

పాత నంబరు ఉంటుందా? అదే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కి మారితే నంబరు కొనసాగించే వీలు ఉంటుంది, దాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ మారితే మాత్రం మొబైల్‌లాగా నంబరు వెంట రాదు. మన దేశంలో పోర్టింగ్ సౌకర్యం మొబైల్ నంబర్లకే ఉంది. బ్యాంకు, గ్యాస్, పెన్షన్ ఆఫీసుల్లో పాత ల్యాండ్‌లైన్ నంబరు ఇచ్చి ఉంటే ముందే మార్చుకోండి.

ఇంట్లోకి వచ్చేది నిజంగా ఫైబరేనా? కొన్ని చోట్ల ఫైబర్ వీధి దాకానో మేడ మీద దాకానో వచ్చి, అక్కడి నుంచి ఇంట్లోకి లాన్ కేబుల్ వస్తుంది. మధ్యలో ఒక స్విచ్ బాక్స్ ఉంటుంది, దానికీ కరెంటు కావాలి. మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా ఆ డబ్బా ఆగిపోతే ఫోన్ ఆగిపోతుంది. అసలైన ఫైబర్‌లో దారి మధ్యలో ఉండే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు.

అవతలి వైపు బ్యాకప్ ఎంత? మన ఇంటి ఫైబర్ వెళ్ళి కలిసే పెద్ద మెషీన్‌ని ఓఎల్‌టీ అంటారు. అది పెద్ద ఎక్స్ఛేంజీలో ఉంటే సరే. లోకల్ కేబుల్ ఆపరేటర్ గదిలో ఉంటే ఆయన బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో అడగండి.

అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్‌లో ఎమర్జెన్సీ ఫోన్, ఇంటర్‌కమ్ నుంచి బయటికి పోయే లైన్, ఫ్యాక్స్, సెక్యూరిటీ అలారం ఇవేమైనా ఆ ల్యాండ్‌లైన్ మీద ఉన్నాయా? ఉంటే మార్చిన రోజే ఒక్కోదాన్ని టెస్ట్ చేయించండి. ఫ్యాక్స్ ఫైబర్ మీద మొండికేయడం మామూలే.

కంప్లయింట్ ఇచ్చిన ప్రతిసారీ డాకెట్ నంబరు రాసుకోండి. ట్రాయ్ ఒక్కొక్కరి కంప్లయింట్ తీసుకోదు. ముందు కంపెనీ కంప్లయింట్ సెంటర్, అక్కడ తేలకపోతే అదే కంపెనీలో ఉండే అప్పిలేట్ అథారిటీ. అప్పీలుకి ఫీజు లేదు, కానీ డాకెట్ నంబరు లేకపోతే అప్పీలు ముందుకు కదలదు.

మా ఇంట్లో చివరికి ఏం చేశాం

ఫైబర్ బాక్స్‌కి ఒక డీసీ యూపీఎస్ పెట్టాను. పాత రాగి జతని రోజెట్ దగ్గర విడదీయించి, బాక్స్ నుంచి నాన్న లాగిన వైరింగ్‌కే టోన్ కలిపించాను. బెడ్‌రూమ్ ఫోన్ మళ్ళీ బతికింది. దాన్ని టేబుల్ మీద నుంచి తీసి మంచం పక్కన కింద, నేల మీద నుంచి కూడా చెయ్యి అందేంత ఎత్తులో పెట్టాం. మొబైల్ బీరువాలోంచి బయటికి వచ్చింది, దేవుడి గూడు పక్కన ప్లగ్గులో ఉంటుంది. దీపం పెట్టేటప్పుడు అమ్మ దాని వంక చూస్తుంది కదా, ఛార్జింగ్ ఉందో లేదో తెలుస్తుంది. రెండు ఫోన్ల పక్కనా నా నంబరు సున్నాతో కలిపి, కింద 108, 112 పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. మొత్తం ఖర్చు టెక్నీషియన్ చేతి ఖర్చుతో కలిపి రెండు వేల లోపు.

ఒక ఆదివారం మెయిన్ ఆఫ్ చేసి కూర్చున్నాం. ప్రతి అరగంటకీ నా మొబైల్ నుంచి కాల్ చేశాను, అమ్మ బెడ్‌రూమ్ ఫోన్ ఎత్తి "ఆఁ, ఉంది" అని పెట్టేసింది. లెక్క ప్రకారం మూడు గంటల ఇరవై నిమిషాలు రావాలి. మూడు గంటల దగ్గర చేసిన కాల్ మోగింది, మూడున్నరకి చేసింది మోగలేదు. అదీ కొత్త బ్యాటరీతో. ఏడాది, రెండేళ్ళు వాడాక తగ్గుతుంది కాబట్టి మూడు నెలలకోసారి మళ్ళీ చూడాలి. క్యాలెండర్‌లో రాసుకున్నాను.

మీరు కూడా ఈ రోజే ఒక పని చేయండి. మీ వాళ్ళ ఇంటికి వెళ్ళి మెయిన్ ఆఫ్ చేయండి. ఇంట్లో ఉన్న ప్రతి ల్యాండ్‌లైన్ ఫోన్ ఒక్కొక్కటిగా ఎత్తి టోన్ వినండి. మీ మొబైల్ నుంచి ఆ నంబరుకి చేసి మోగుతోందో చూడండి. ఆ ఫోన్ నుంచి మీ మొబైల్‌కి చేసి చూడండి. టెస్ట్ కోసం 108కీ, 112కీ మాత్రం చేయకండి, అవి నిజంగా అవసరమైన వాళ్ళవి. మొత్తం పది నిమిషాల పని. నేను ఆ పది నిమిషాలు జనవరిలోనే పెట్టి ఉంటే మే నెలలో మా అమ్మ చీకట్లో రెండున్నర గంటలు కూర్చునేది కాదు.